ప్రొపెల్లర్ ఎంపికలో నా అమూల్య పాత్ర

విమానయాన చరిత్రను ఈ సాయంత్రం కొంచెం పక్కకు తిప్పినందుకు పెద్దలందరూ నన్ను మన్నించాలి.

నిజామాబాద్ రఫీ భాయ్ దోహాలో మెకానిక్. అక్కడే అబూ హమూర్‌ పేటలో అద్దె షెడ్డులో మూడేళ్లుగా సొంతంగా రెండు సీట్ల విమానం కడుతున్నాడు. ఇక మిగిలింది ప్రొపెల్లర్. పైకి ఎక్కేటప్పుడు ఒకలా, వేగంగా పోయేటప్పుడు ఒకలా బ్లేడ్ల కోణం మార్చుకుంటూ ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే రకం కావాలి. పొడవాటి రెండు బ్లేడ్లదా, పొట్టి మూడు బ్లేడ్లదా అన్నదే సమస్య. ఆర్డర్ పెడితే వాపసు లేదు. ఐదింటికి గడువు.

నాలుగున్నరకు భాయ్ పొడవాటిదే ఖాయం చేశాడు. బ్లేడ్ చివరకూ నేలకూ మధ్య ఏడంగుళాలు ఉండాలి, ఆయన లెక్కలో ఎనిమిది వచ్చింది. ఆర్డర్ పెట్టడానికి ఫోన్ తీశాడు. చూడ్డానికి వచ్చిన నేను కాక్‌పిట్‌లోకి ఎక్కి కూర్చున్నాను.

“కదలకురా! గట్లనే కూసో.”

“ఏమైంది భాయ్?”

“విమానం ముక్కు కిందికి దిగింది. ఊపిరి గూడ మెల్లగ తీస్కో.”

నేల మీద పడుకుని, ప్రొపెల్లర్ బిగించే చోటి నుంచి నేలకు టేపు పెట్టి, అందులోంచి బ్లేడ్ పొడవు తీసేశాడు. లేచేసరికి మొహం పాలిపోయింది.

“ఆరున్నర అంగుళాలే మిగుల్తున్నది. ఖాళీ విమానాన్ని కొలిచిన, నా బుద్ధి గడ్డి తిన్నది. ఇద్దరం ఎక్కి విమానాన్ని నేలకు దించుతుంటే బ్లేడ్లు నేలకు తాకి తునకలైతుండె.”

ఐదుకు నాలుగు నిమిషాలుండగా మూడు బ్లేడ్లది ఆర్డర్ పెట్టి, నన్ను వాటేసుకున్నాడు. “బరువేసి చూడాల్నని నీకే తట్టింది. ఇంజనీర్ అంటే నువ్వురా!”

నేను గంభీరంగా తలూపాను. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారో చెప్పండి, భాయ్‌కి మాత్రం చెప్పకండి. నేను ఎక్కింది సెల్ఫీ కోసం.