హుకుమా, సలహానా?

కరోనా రెండో ఏడు, మే నెల. వికారాబాద్‌లో జీపెక్కి ఉదయం 7.10కి తాండూరు-బషీరాబాద్ రోడ్డు మీది చెక్‌పోస్టులో దిగాను. పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసి వచ్చినవాణ్ణి. ఇక్కడ వాలంటీరుగా పది రోజుల డ్యూటీ. ఒక టార్పాలిన్ డేరా, రెండు డ్రమ్ములు, వాటి మీద అడ్డంగా వెదురు. ఎండ 42 డిగ్రీలు. తోడుగా ఒక కానిస్టేబుల్, ఒక వైర్‌లెస్ సెట్టు.

డేరా గుంజకు నిబంధనల కాగితం, తొమ్మిది అంశాలు. ఏడోది: 'అరవై అయిదేళ్లు దాటినవారు ప్రయాణాలు మానుకోవలసిందిగా సూచించడమైనది.' సైన్యంలో మా మేజర్ "గడ్డం గీసుకుంటే బాగుంటుంది" అనేవారు. గీసుకోనివాడు సాయంత్రం దాకా పరుగెత్తేవాడు. ఏడో అంశాన్నీ అలాగే చదివాను. మూడు రోజుల్లో పద్నాలుగు మంది పెద్దవాళ్లను వెనక్కి పంపాను.

నాలుగో రోజు 10.20కి ఆటోలో ఒక పెద్దాయన వచ్చాడు. వయసు 68. కోర్టులో గుమాస్తాగా చేశాడట. 11.30కి మనవరాలి నికా. పిల్లకు తండ్రి లేడు, పెద్దదిక్కు తనే. ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. గంటకు ముప్ఫై లెక్కన 36 నిమిషాలు. కుదరదన్నాను. ఆయన బతిమాలలేదు. నా పాత సైన్యం టోపీ వైపు ఒకసారి చూసి, కాగితం అడిగి, ఏడో అంశం మీద వేలు పెట్టాడు.

"ఫౌజీ సాబ్, గిది హుకుమా, సలహానా?"

రెండూ ఒకటే అన్నాను.

"హుకుమైతే కింద సెక్షన్ ఉంటది, తప్పితే శిక్ష ఉంటది. మాస్కు లైను కింద రెండూ ఉన్నయి. దీని కింద ఏం లేదు."

నేను కానిస్టేబుల్‌ను వైర్‌లెస్‌లో స్టేషన్‌ను అడగమన్నాను.

"సార్, అరవై అయిదు దాటినోళ్లను ఆపాల్నా? ఓవర్."

"ఆపుడేంది? జర జాగ్రత్త అని చెప్పుడే. ఎవరాపుతున్నరు? ఓవర్."

కానిస్టేబుల్ నా వైపు చూసి సెట్టు కట్టేశాడు. మూడు రోజులు ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"ఫౌజీవి గదన్నా, నాకన్నా నీకు ఎక్కువ తెలుస్తదనుకున్న. మాస్కు పైకి గుంజుకో. అది హుకుమే."

10.38కి వెదురు లేపాను. దారికి పట్టే 36 నిమిషాలు పోను పెద్దాయన చేతిలో పదహారు నిమిషాలు మిగిలాయి.

పదో రోజు సాయంత్రం వికారాబాద్ చేరాను. ఈ కథ చెప్తే ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పద్నాలుగు మందిలో ఒక్కరూ కాగితం అడగలేదు. రెండో రోజు ఒక అవ్వ వచ్చింది. దవాఖానలో ఉన్న చెల్లెలికి సద్ది తీసుకుపోతోంది. కుదరదంటే "సరే కొడుకా" అంది. నాకే దండం పెట్టి, గిన్నె చంకన పెట్టుకుని, ఆ ఎండలో వచ్చిన దారినే నడిచిపోయింది.