రాజయ్య పెద్దబాపు ఇంటికి పోయిన వైరు

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా గల్లీలోని మూడిళ్లకు ఇంటర్నెట్ మా ఇంట్లో నుంచే పోయేది. ఇంజనీరింగ్ చదివే మా అన్న ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి దాన్నే రౌటర్ చేశాడు. మోడెం నుంచి ఒక వైరు దాంట్లోకి... దాంట్లో నుంచి డాబాల మీదుగా పక్కిళ్లకు నీలం వైర్లు.

అందులో ఒకటి రాజయ్య పెద్దబాపు వాళ్లింటికి. చుట్టం కాదు, పక్కింటాయన. చాలా ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. రోజూ పొద్దున అరుగు మీద పేపర్ పట్టుకుని కూర్చునేవాడు. "ఏమున్నది పెద్దబాపూ పేపర్ల?" అంటే, "ఏముంటది, అన్నీ అబద్ధాలే" అనేవాడు.

వాళ్ల అమ్మాయి లావణ్యదీ నాదీ ఒకటే క్లాసు. ఫస్టు ర్యాంకు ఎప్పుడూ తనదే. "మా బిడ్డను సూసి నేర్సుకో... గట్ల సదువాలె" అని నలుగురి ముందూ నన్ను అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఏ ఇంట్లో ఏ పేజీ తెరిచారో మా అన్న కంప్యూటర్‌లో వరుసగా కనిపించేది. ఒకరోజు నవ్వుతూ నన్ను పిలిచి, వాళ్లింట్లో రోజూ మధ్యాహ్నం తెరుస్తున్న పేజీ చూపించాడు.

అ... అమ్మ. ఆ... ఆవు.

ఆ వేళకు లావణ్య నాతోపాటు బడిలో ఉంటుంది. వాళ్లమ్మ బీడీల కార్ఖానాలో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఆయనొక్కడే...

"ఎవ్వలకు చెప్పకే" అన్నాడు అన్న.

ఆ ఆదివారం, అరుగు మీద పదిమంది ఉండగా, పేపర్ ఆయన ముందు పెట్టాను.

"పెద్దబాపూ, గిదేందో సదివి చెప్పవా?"

"కండ్లద్దాలు ఇంట్ల ఉన్నయి బిడ్డా."

లోపలికి ఉరికి అద్దాలు నేనే తెచ్చిచ్చాను.

పెట్టుకున్నాడు. అక్షరం కింద వేలు పెట్టాడు. "రై... తు... ల..." తర్వాతి మాటకు పోయాడు. "ధ... రా..." అక్కడ కింద న ఒత్తు ఉంది. ఆగిపోయాడు.

"ఒత్తులు ఇంక రాలేదా? రేపు కంప్యూటర్ల నేర్పుతరు తియ్యి... అ అంటె అమ్మ, ఆ అంటె ఆవు!"

అందరూ పగలబడి నవ్వారు. లావణ్య నవ్వలేదు.

"బాపూ... నీకు సదువు రాదా?"

ఆయన అద్దాలు మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

మర్నాడు వైరును చుట్టగా చుట్టి తెచ్చాడు. "మాకద్దు బిడ్డా" అని నా చేతికే ఇచ్చాడు. మా బాపుతో నా మీద ఒక్క మాట చెప్పలేదు. లావణ్య మళ్లీ నా పక్కన కూర్చోలేదు.

మొన్న కోరుట్లకు పోయినప్పుడు ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. "తప్పయింది పెద్దబాపూ" అన్నాను.

"ఏంది బిడ్డా... నాకేం యాదికి లేదు" అన్నాడు.

అని, చేతిలోని మందుల చీటీని పక్కనే కూర్చున్న లావణ్య వైపు జరిపాడు... ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో చదివి చెప్పమని.

ఇప్పుడు మా గల్లీలో ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి నెట్ వాళ్లది... ఎవరేం చూస్తున్నారో పక్కింటికి తెలియదు. అప్పుడూ అలాగే ఉండుంటే, ఇంకో నెలకు ఆయనకు ఒత్తులు కూడా వచ్చేసేవి.

మనల్ని ఏడిపించినవాళ్ల గురించి అందరం రాస్తాం... మీరు ఏడిపించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈసారి వాళ్ల గురించి రాయండి.