అడుగునీళ్ల సీసా

రేవులో అందరూ ఆవిడను సీసాలక్క అంటారు. పందొమ్మిదేళ్లుగా వారానికి రెండుసార్లు పడవలో వెళ్లి, సముద్రం పైనుంచి ఒక సీసా, అడుగునుంచి ఒక సీసా నీళ్లు పట్టి, వాటిలో మందుచుక్కలు వేసి చూడడమే ఆవిడ ఉద్యోగం. నీళ్లలో ప్రాణవాయువు ఉంటే సీసాలో గోధుమరంగు తిరుగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ప్రయోగశాలలో ఇంకో మనిషి లేడు. ఆవిడ సీసాలతోనే మాట్లాడుకుంటుంది. ఎదురు చెప్పవు కనక స్నేహం బాగానే సాగుతోంది.

ఎదురు చెప్పేవాడు తమ్ముడొక్కడే ఉండేవాడు. అఖాతంలో అడుగుదాకా దిగే వలగూళ్లు కట్టి చేపలు పెంచుతాడు. రెండేళ్ల కిందట అడుగు సీసా తెల్లబడగానే ఆవిడ పరుగున వెళ్లి తలుపు బాది, చేపలన్నీ చస్తాయని వీధంతా వినేలా అరిచింది. పాపం, అతను ఎదగని చేపలను అయినకాడికి అమ్మేశాడు. మర్నాడే పెద్ద గాలి వీచి, పైనీటినీ అడుగునీటినీ కలిపేసి, అడుగుకూ ప్రాణవాయువు అందించింది. పక్కవాళ్ల గూళ్లలో ఒక్క చేపా చావలేదు. అంతే, తమ్ముడు మాట మానేశాడు. ఆవిడకు పండుగా పబ్బమూ అన్నీ ఆ రోజుతోనే పోయాయి.

ఈ ఏడు వానలు పొలాల్లోని ఎరువునంతా కడిగి సముద్రంలో పోశాయి. ఆ బలానికి నాచు ఏపుగా పెరిగింది, చచ్చింది, అడుగున కుళ్లుతూ అక్కడున్న కాస్త ప్రాణవాయువునూ మింగేసింది. ఎండకు కాగిన పైనీరు మూత పెట్టినట్టు కదలకుండా కూర్చుంది. ఆకు అల్లాడని ఉక్క. సీసా తెల్లబడింది.

ఆవిడ తమ్ముడింటికి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడి మరదలితో అంది: "అడుగున నీళ్లు బాగోలేవమ్మా. గూళ్లు బయటి సముద్రంలోకి లాగించమని వాడికో మాట చెప్పు. ఏమో, గాలొస్తే సర్దుకుంటుందేమోలే."

మరదలి నోట్లో నువ్వుగింజ నానదు. కబురు ఆ క్షణమే లోపలి గదికి చేరింది. తమ్ముడు బయటికి రాలేదు. ఆవిడా రెట్టించలేదు. ఈసారీ తప్పయితే తమ్ముడు జన్మలో తన మొహం చూడడు. తల వంచుకుని వచ్చేసింది.

గాలి రాలేదు. మూడోరోజు పొద్దున్నే గూళ్లలో చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

మధ్యాహ్నం తమ్ముడు ప్రయోగశాలకు వచ్చాడు. చేతులకు ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి. తిట్లకు సిద్ధపడి ఆవిడ లేచి నిలబడింది.

"అప్పుడు ఊరు లేచేలా అరిచావు కదక్కా, ఈసారి అంత మెల్లగా ఎందుకు చెప్పావు?"

రెండేళ్ల తర్వాత విన్న ఆ పిలుపుకు ఆవిడ తన కుర్చీ అతని వైపు జరిపింది. అప్పుడు అంది:

"గాలొస్తే నువ్విక నాకు దక్కవని భయపడ్డానురా."