ఏ నెంబరు కొట్టినా ఆయన పేరే

మా అమ్మాయి చేసిన వెబ్ పేజీలో ఏ చీటీ నెంబరు కొట్టినా పోయిన మా ఆయన పేరే వచ్చింది. ఆ రోజు సంగతి చెబుతాను.

మాది అద్దంకి దగ్గర పల్లె. మిరపకాయలు ఎండాక టిక్కీలకి, అంటే గోతం బస్తాలకి, తొక్కి కోల్డ్ స్టోరేజీలో పెడతాం. మావాళ్ళంతా దాన్ని ఏసీ అంటారు. మన సరుకు ఏ గదిలో ఉందో తెలియాలంటే సరుకు పెట్టినప్పుడు వాళ్ళిచ్చిన చీటీ పట్టుకుని పోయి గుమాస్తా కోసం కాచుక్కూర్చోవాలి. అలా కాకుండా రైతు ఇంట్లో కూర్చుని ఫోనులో నెంబరు కొడితే సరుకు సంగతి కనపడాలని ఏసీ ఓనరుగారు మా అమ్మాయికి పని ఒప్పజెప్పారు. చదువయ్యాక దాని చేతికొచ్చిన మొదటి పని అదే.

ఆ రోజు పొద్దున్నే ఓనరుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, నా ఏసీలో టిక్కీలన్నీ మీ నాన్నవేనా? నేను వట్టి కాపలావాణ్ణా?" అని పకపకా నవ్వారు. మా ఆయన్ని ఎరిగినవారే. నవ్వుతూనే, "నాలుగింటికి రైతులొస్తున్నారు, చూపించాలి. అప్పటికి సరికాకపోతే ఈ పని విజయవాడ వాళ్ళకి ఇచ్చేస్తా, ఏమనుకోవద్దు" అన్నారు. పిల్ల మొహం మాడిపోయింది.

నేను కింద కూర్చుని మిరపకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నా. ఆ ఘాటుకి తుమ్ముకుంటూనే అది లాప్‌టాప్ ముందు గొణుక్కుంటోంది. మధ్యాహ్నం అన్నం కూడా తినలా.

"ఎక్కడ పోయిందే తప్పు?"

"కంట్రోలర్ బాగుంది, డేటా బాగుంది. నీకు చెప్పినా అర్థం కాదులేమ్మా."

"పాతికేళ్ళు మీ నాన్నని అర్థం చేసుకున్నదాన్ని. ఇదెంత?"

అప్పుడు కాస్త నవ్వింది. "సరే విను. ఏసీలో సరుకున్న గది ఉందిగా, అది డేటా. నువ్వు చీటీ ఇస్తే లోపలికి పోయి నీది వెతికి తెచ్చే మనిషి కంట్రోలర్. ఫోనులో నీకు కనపడే కాగితం టెంప్లేట్. అందులో పేరు ఉండదు, ఖాళీ ఉంటుంది. అతను ఎవరి పేరు తెస్తే అది ఆ ఖాళీలో కూర్చుంటుంది."

నేను ఏరటం ఆపేశా. మేం టిక్కీల మీద పేరు వెయ్యాలంటే అక్షరాలు కోసిన రేకు ఆనించి రంగు రుద్దుతాం. ఒక్కో రేకుతో ఒక్క పేరే పడుద్ది. ఈ పిల్ల రేకులో పేరే లేదంట! ఖాళీ ఒకటే ఉందంట, ఎవరొస్తే వాళ్ళ పేరు తొడుక్కుంటుందంట. ఊళ్ళో రైతులందరికీ కలిపి ఒక్క రేకు!

రేకు అనుకోగానే ఇంకోటి తట్టింది. ఒక ఏడు మా రేకు పెట్టి పక్కవాళ్ళ టిక్కీలకి కూడా రంగు కొట్టేశారు. గదిలో తప్పు లేదు, మోసే మనిషిలో తప్పు లేదు, పేరు మాత్రం మాది.

"గదీ మనిషీ తర్వాత చూద్దువుగాని, ముందు నీ రేకు చూపించవే" అన్నా.

"టెంప్లేట్లో ఏముంటుందమ్మా, మొదటివారమే రాసి పక్కన పెట్టా" అంటూనే తెరిచింది. తెర నిండా ఇంగ్లీషు, మధ్యమధ్య మన అక్షరాలు. నాకొచ్చిన చదువు రెండు పేర్లే, నాదీ ఆయనదీ. ఆ గుంపులో ఆయన పేరు నాకు సంతలో మనిషి కనపడ్డట్టే కనపడింది. వేలు పెట్టా. వేలికున్న కారం తెరకి అంటింది.

పిల్ల నుదురు కొట్టుకుంది. పని మొదలెట్టిన రోజు ఎలా కనపడుద్దో చూద్దామని ఖాళీ ఉండాల్సిన చోట ఆయన పేరు కొట్టిందంట. మా ఇంట్లో గిన్నె కొన్నా, బిందె కొన్నా ముందు ఆయన పేరు చెక్కించటం అలవాటు. మా చీటీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పరీక్ష చేసినప్పుడల్లా ఆ నెంబరే కొట్టుకుంది, అందుకే తెలియలా.

మీట మీద వేలు పెట్టి ఆగింది. "తీసేయనా అమ్మా?" అంది.

"తియ్యి. పక్కోళ్ళ కాయల మీద తన పేరుంటే ఊరుకునే మనిషా ఆయన? రచ్చ చేసేవాడు" అన్నా.

ఒక్కో అక్షరం పోయింది. ఆ చోట మీసాల్లాంటి గుర్తులు పెట్టి మధ్యలో చిన్న ఇంగ్లీషు మాట రాసింది, ఖాళీ అంటే అదేనంట. అంతే.

మూడున్నరకి ఓనరుగారు ఫోన్లో ఉండగానే నెంబర్లు కొట్టి చూసుకున్నారు. ఒక పేరు చదివారు. ఇంకో నెంబరుకి ఇంకో పేరు. "మీ నాన్న ఒక్కసారిగా ఏసీ ఖాళీ చేశాడే! సరే, నువ్వు కూడా రా తల్లీ. రైతులకి నువ్వే చెప్పాలి" అన్నారు.

పిల్ల జడేసుకోవటానికి లేచింది. నేను కదల్లా. "ఇంకో నెంబరు కొట్టి పోవే" అన్నా. కొట్టి చదివింది. ఎవరో ముసలమ్మ, మూడో గది. మళ్ళీ కొట్టించా. ఎవరో సాయిబుగారు, ఒకటో గది. అదే కాగితం, అదే ఖాళీ, రెప్పపాటులో మనిషి మారిపోతున్నాడు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నా, ఇంకొక్కటి, ఇంకొక్కటే అని దాని చెయ్యి పట్టుకున్నా.