షమీమ్ ఇవ్వని ఫొటోలు

వినుకొండలో ఆ ఫొటో స్టూడియో కోటేష్‌దే అయినా, లోపల పనంతా నడిపేది షమీమ్. పెళ్ళివాళ్ళ పెన్‌డ్రైవ్‌ల నుంచి వైరస్‌లు వచ్చి కంప్యూటర్లు మూలనపడుతుంటే, యూట్యూబ్ చూసి వాటిలో వైరస్‌లు అంతగా అంటని లినక్స్ ఎక్కించింది ఆమే. ఫొటోలన్నీ అటక మీద, అన్ని కంప్యూటర్లకూ కలిపిన ఒకే స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. తెర మీద ఎడమపక్క ఆ పెట్టె పేరు నొక్కి పాస్‌వర్డ్ కొడితే డిస్కు తెరుచుకుంటుంది. పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కితే డిస్కు ఆ కంప్యూటర్ నుంచి దిగిపోతుంది, మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టేదాకా తెరుచుకోదు; ఫొటోలు మాత్రం పెట్టెలోనే భద్రంగా ఉంటాయి. పాస్‌వర్డ్‌ని ఏ కంప్యూటరూ గుర్తుపెట్టుకోకుండా చేసింది షమీమ్.

"మాటిమాటికీ కొట్టాలంటే విసుగమ్మా," అని కోటేష్ సణిగేవాడు.

"ఇవి ఆడపిల్లల ఫొటోలు, అన్నా. విసుగైనా కొట్టాల్సిందే," అనేది.

మొన్న మిర్చి కోతలప్పుడు, కోటేష్ దర్శిలో పెళ్ళికి వెళ్ళిన రోజు, వీరబాబు అనే ఆయన ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. ఆయన మేనల్లుడికి తేజశ్రీ అనే అమ్మాయితో నిశ్చితార్థం జరిగి, దానికి ఈ స్టూడియోవాళ్ళే ఫొటోలు తీశాక, ఆ సంబంధం చెడిపోయింది.

"ఆ పిల్ల ఫొటోలు మొత్తం దీంట్లో వెయ్యి," అంటూ పెన్‌డ్రైవ్ బల్ల మీద పడేశాడు. "వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం. మావాణ్ణి కాదన్న మహాతల్లి ఎవరో ఊరంతా చూడాలి."

షమీమ్ తన ముందున్న కంప్యూటర్లో బాణం నొక్కింది. డిస్కు దిగిపోయింది. రెండో కంప్యూటర్లో ఎవరిదో పెళ్ళి వీడియో నడుస్తోంది. అక్కడా బాణం నొక్కితే, డిస్కు వాడకంలో ఉంది, దించడం కుదరదని మెసేజ్ వచ్చింది. వీడియో మూసి మళ్ళీ నొక్కింది. అక్కడా దిగింది.

వీరబాబు తనే కుర్చీలో కూలబడి పెట్టె పేరు నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది.

"చెప్పు."

"చెప్పను."

"ఫొటోలు తీయించింది మేము!"

"మీవాళ్ళవి మీకిస్తాను. ఆ అమ్మాయివి ఆ అమ్మాయి అడిగితేనే. ఇక లేవండి, అది నా కుర్చీ."

ఆయన అక్కడి నుంచే కోటేష్‌కి ఫోన్ చేసి అరిచి, ఫోన్ షమీమ్ చేతికిచ్చాడు.

"ఇచ్చెయ్యమ్మా, మనకెందుకు గొడవ?" అన్నాడు కోటేష్.

"పాస్‌వర్డ్ మీకూ తెలుసుగా అన్నా. వచ్చి మీ చేత్తో మీరే ఇవ్వండి. నేను మాత్రం రేపట్నుంచి రాను."

"వాళ్ళని పొమ్మను," అన్నాడు కోటేష్ చివరికి.

వాళ్ళు బూతులు తిట్టుకుంటూ వెళ్ళారు. షమీమ్ నీళ్ళు తాగి, తేజశ్రీకి ఫోన్ చేసింది.

తేజశ్రీ కల్లంలో ఆరబెట్టిన మిర్చి వదిలేసి, ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళతో స్కూటీ మీద వచ్చింది. జరిగిందంతా విన్నది.

"తీసెయ్యమంటే అన్నీ తీసేస్తా తల్లీ," అంది షమీమ్.

"ఎందుకక్కా? పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలన్నారు వాళ్ళు, కుదరదన్నాను. దానికి నేను దాక్కోవాలా?"

ఫొటోలన్నీ చూసి ఒకటి ఎంచుకుంది. తలెత్తి పకపకా నవ్వుతున్న ఫొటో. "దీన్ని పెద్దది చేసి మీ షాపు ముందరి అద్దంలో పెట్టండి."

కోటేష్ భయపడ్డాడు గానీ, షమీమ్ పెట్టేసింది. వీరబాబు చుట్టాలు వాళ్ళింటి పెళ్ళిళ్ళు వేరే స్టూడియోకి ఇచ్చుకున్నారు.

ఓ పొద్దున వీరబాబు అద్దం ముందు బండి ఆపి, గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు. షమీమ్ బయటికొచ్చింది.

"ఏమండీ, ఫొటో దిగుతారా? లోపలికి రండి, లైట్లు వేస్తాను."

ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.