అప్పన్న మామ ఇటుక

మా చిన్నప్పుడు, హిందీవాళ్ల రాష్ట్రంలో మేముండే బారిడీహ్‌లో మన తెలుగు హాలు కూల్చిన రోజు... బడి ఎగ్గొట్టి మరీ పిల్లలమంతా చూడ్డానికి పరిగెత్తాం. ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు పదేళ్లు.

ఆ హాలు మా తాతల తరం కట్టుకున్నది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చినవాళ్లు డ్యూటీ దిగాక మట్టి తొక్కి, ఇంటికో ఇటుక చొప్పున పచ్చి మట్టి మీద పుల్లతో పేరు రాసి కాల్పించారట. తర్వాత పైన గార పూసేయడంతో పేర్లన్నీ లోపలే ఉండిపోయాయి. మా పెళ్లిళ్లు, భజనలు, సంతాప సభలు... అన్నీ అక్కడే.

కప్పు కారుతోందని కమిటీ వాళ్లు కూల్చేయమన్నారు. కమిటీలో మా నాన్న కూడా ఉన్నాడు. "పాతది పోతే కదేటి కొత్తది వచ్చీది?" అన్నాడు. ఒక్క గోడైనా ఉంచుదామని ఒక్కరికీ తోచలేదు. ఏం మనుషులమో!

గునపం దెబ్బకి గార రాలేసరికి పేర్లు బయటపడ్డాయి. ఆ కబురు విని, మా పక్క క్వార్టర్ నరసమ్మత్త చేతి పిండి కూడా కడుక్కోకుండా వచ్చింది. పెళ్లైన మూడేళ్లకే ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఫోటో కూడా లేదు. తన పేరు రాయడం ఒక్కటే నేర్చుకుని ఆయన రాసిన ఇటుక ఆ గోడల్లో ఉందని మాత్రం ఆమెకి తెలుసు.

ఆమెకి అక్షరమ్ముక్క రాదు. కమిటీ మగవాళ్లని అడగాలంటే మొహమాటం. నన్ను పట్టుకుంది.

"ఓలమ్మీ, నువ్వు సదూకున్నదానివి గదా... మీ మామ పేరెక్కడుందో సూడే."

మొగుడి పేరు నోటితో చెప్పదు కదా... "సింహాచలం కొండ మీద దేవుడి పేరే" అంది గొంతు తగ్గించి. అప్పన్న మామ అని నాకూ తెలుసు.

కానీ నాది హిందీ బడి. తెలుగు మాట్లాడ్డమే గానీ ఒక్క అక్షరం చదవడం రాదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. క్లాసులో ఫస్టని మా అమ్మ వాడంతా చాటింపు వేసి ఉంది మరి!

ఇటుకల కుప్ప చుట్టూ తిరిగాను... నా కళ్లకి అన్నీ ఒకేలాంటి వంకర్లు, సున్నాలు. అవతల ఎక్కడో గుంట పూడ్చడానికని ఇటుకలు ట్రక్కుకి ఎత్తేస్తున్నారు. "హటో మాయీ, హటో!" అని తప్పుకోమంటూ డ్రైవర్ కేకలు. "దొరికిందేటే? అన్నీ ఎల్లిపోతన్నాయే..." అని అత్త ఏడుపు గొంతు. భయమేసి, చేతికందిన ఇటుక ఒకటి తీసి "ఇదే అత్తా" అనేశాను.

దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ గీతల్ని వేలితో తడుముతూ ఎంతసేపు కూర్చుందో. నాకు మాత్రం గొప్పగానే అనిపించింది, సిగ్గులేనిదాన్ని.

పెళ్లయ్యి విజయనగరం వచ్చాక, బస్సు బోర్డులు కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఓసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అత్తని చూడబోయాను. దేవుడి గూట్లో పసుపు కుంకాలతో ఉంది ఇటుక. చదివాను... తవిటయ్య అని ఉంది.

"మీ మామ రాత బాగున్నాది గదే?" అంది అత్త.

"బాగుందత్తా" అన్నాను. ఇంకేం అనను?

నిజం తెలియకుండానే ఆమె పోయింది. అప్పన్న మామ ఇటుక ఏ గుంటలో ఉందో... ఆ తవిటయ్య తాలూకువాళ్లు ఎంత వెతుక్కున్నారో, పాపం. కొత్త హాలు గోడలకి నున్నటి టైల్స్ వేశారు. వాటి వెనక ఎవరి పేరూ లేదు.

మీ వైపు పాత కట్టడాలేవైనా కూలుస్తున్నారా? వాటిలో ఎవరి పేర్లున్నాయో కింద రాయండి... చదివిపెట్టమని ఏ పెద్దావిడైనా మీ చెయ్యి పట్టుకుంటే మాత్రం, రాకపోతే రాదని చెప్పేయండి. చదవడం వచ్చినవాళ్లు ఆ రోజు అక్కడ పదిమంది ఉన్నారు.