కడ్డీ మీద రెండు గీతలు

దుక్కాలా నేలలో తుపాకులు బాగుచేసే ఉస్తాదు, మాల్లెం మహ్జూబ్ ఎవరని అడిగితే పాలు తాగే పిల్ల కూడా నా కొట్టు చూపిస్తుంది. మసీదు బడిలో చెక్కపలక మీద దిద్దిన అక్షరాలే నా చదువు. అయినా జాతరలో వరసగా గుర్రాలు పరుగెత్తించి, గుండు లేకుండా ఉత్త మందు ఒక్కసారే పేల్చే ఏడు ఊళ్ల గుర్రపు బారులు నా చేతి తుపాకులతోనే పరుగు తీశాయి. ఆ బారుల్లో రెండు పట్నంలో పందెం గెలిచాయి. నలభై ఒక్క ఏళ్లలో నా చేతిమీదుగా వెళ్లిన గొట్టం ఒక్కటీ పగల్లేదు. ఈ మాట ఏ సంతలోనైనా రొమ్ము విరిచి చెప్పేవాణ్ణి. రహ్హాల్ కథ రాయాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

రహ్హాల్ బావులు తవ్వేవాడు. వారమంతా భూమి కడుపులో ఉండేవాడు, జాతరనాడు మాత్రం గుర్రం మీద. తెల్ల బట్టలు కట్టి, బారులో కుడినుంచి మూడోవాడిగా ఇరవై రెండేళ్లు తుపాకి పేల్చాడు. ఒకనాడు మోకు తెగి బావిలో పడి ఎడమ భుజం విరిగింది. అతికింది గానీ, చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. మా పొడుగు తుపాకిని రెండు చేతులా ఎత్తి తిప్పాలి. ఆరోజుతో అతని చోటు పోయింది. మూడేళ్లు జాతరలో టీ గుడారం దగ్గర కూర్చున్నాడు. మనిషి ఎండిపోయాడు.

ఒక గురువారం సంత నుంచి నేరుగా నా కొట్టుకొచ్చి, గుడ్డమూట విప్పాడు. పాత చెకుముకి పిస్తోలు. అక్రోటు కొయ్య నిలువునా చీలింది, వెండి తొడుగు సగం ఊడింది.

"ఏం పోసి కొన్నావురా దీన్ని?"

"తొమ్మిదొందల దిర్హాములు. ఒంటి చేత్తో పేల్చొచ్చు మామా. నువ్వు నిలబెడతావా, నిలబెట్టవా?"

"తుప్పుని తొమ్మిదొందలకి కొన్న మొనగాణ్ణి నిన్నే చూశాను."

"నువ్వు అత్తని చేసుకున్నప్పుడు మీ మామ కూడా ఇదే అన్నాట్ట."

నవ్వు ఆపుకోలేకపోయాను. పాత గొట్టం ఏది చేతికొచ్చినా మొదట లోతు కొలవాలి. ఇనపకడ్డీ లోపలికి దించి మూతి దగ్గర వేలు పెట్టి, తీసి, బయట గొట్టం పక్కన పెట్టాను. మూడు వేళ్లు తక్కువొచ్చింది.

"కదలకు. దీని కడుపులో మందుంది."

రహ్హాల్ మొహం పాలిపోయింది. ఎవరో ఎప్పుడో కూరి, పేల్చకుండానే పోయారు. కొన మీద మర ఉన్న కడ్డీతో పీచుని, గడ్డకట్టిన మందుని గీకి బయటికి తీశాను. ఆ పూటే కొత్త కడ్డీ చేసి, దాని మీద రెండు గీతలు కోశాను.

"ఇది ఖాళీ గొట్టం గీత, ఇది ఒక్క కూర్పు గీత. ప్రతిసారీ కూరే ముందు కడ్డీ దించి చూడాలి. చూడకపోతే నువ్వు నాకు ఏమీ కావు."

"చూస్తాలే మామా. మా అమ్మకన్నా ఎక్కువ సాధిస్తున్నావు."

రెండు నెలలు పట్టింది. గొట్టాన్ని వారం నూనెలో నానబెట్టాను. స్ప్రింగు కొత్తది కొట్టాను. కొయ్యకి చీలిక కనబడకుండా అతుకు వేశాను. ఒకటిన్నర కొలత మందు పోసి, రాతిగోడ చాటునుంచి దారం లాగి పేల్చాను. గొట్టం నిలిచింది. అంతకన్నా ఎక్కువ తట్టుకోదనీ నాకు తెలుసు.

బారు పెద్ద, ముకద్దం తిబారి, పిస్తోలు చూసి పెదవి విరిచాడు.

"పద్నాలుగు తుపాకుల మధ్య ఈ బొమ్మేంటి?"

"చివర నిలబడతాను ముకద్దం. ఒక్కసారి."

"సరే. నీది పేలకపోయినా, వెనకపడినా, మళ్లీ నా గుర్రాల నీడకి రాకు. టీ గ్లాసులు కడుక్కో."

మా బారంతా ఒక్క చప్పుడుగా పేలాలి. పదిహేను పేలినా ఒకటే వినబడాలి. పరువంతా అందులోనే.

జాతరనాడు పొద్దున నేనే పిస్తోలు మళ్లీ తుడిచాను. జనం చూడాలని, వెండి మెరవాలని, నూనె ఎక్కువే పూశాను. గొట్టం పక్కన నిప్పు లోపలికి వెళ్లే సన్నని బెజ్జంలోకి అది దిగుతుందని నాకు తెలియకపోలేదు. మురిపెం ఆలోచననివ్వలేదు.

మొదటి పరుగు. నేల అదిరింది. ముకద్దం కేక పెట్టాడు, ఒక్క చప్పుడు! జనం లేచి అరిచారు. నేను రహ్హాల్ పిస్తోలు మూతివైపే చూస్తున్నాను. చెకుముకి దగ్గర పొగ లేచింది. మూతినుంచి లేవలేదు. లోపలి మందు అంటుకోలేదు. పద్నాలుగింటి మోతలో ఎవరికీ తెలియలేదు.

గుర్రాలు నా పక్కనుంచే వెనక్కి మళ్లాయి. రహ్హాల్ నన్ను చూశాడు. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలాడు. మరకడ్డీతో మందు గీకడానికి కూర్చుంటే అందరూ చూస్తారు. మళ్లీ టీ గుడారమే. మహ్జూబ్ చేసిన పిస్తోలు పేలలేదని సంతంతా అంటుంది. "ఆగండి" అన్న మాట గొంతుదాకా వచ్చింది. కడ్డీ ఉందిగా, గీత చూసుకుంటాడు, ఏ మూలో దిగి తీసుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మింగేశాను.

రహ్హాల్ కడ్డీ తియ్యలేదు. ఉన్న మందు మీదే ఇంకో కూర్పు వేశాడు.

రెండో పరుగులో చప్పుడు ఒకటి కాలేదు. రెండొచ్చాయి. రెండోది పొడిగా, ఇనుము విరిగినట్టు వచ్చింది. రహ్హాల్ ఆడగుర్రం ఒంటరిగా నా ముందునుంచి పరుగెత్తుకుపోయింది. దాని మెడ ఎర్రగా ఉంది.

రహ్హాల్ చావలేదు. కుడిచెయ్యి మణికట్టు పైదాకా పోయింది, కుడికన్ను పోయింది. ఉన్న ఎడమచెయ్యి నోటిదాకా లేవదు.

ప్రతి శుక్రవారం వెళ్తాను. కుస్కుస్ రవ్వ ముద్ద చేసి నేనే నోట్లో పెడతాను. చూడవచ్చినవాళ్లు, "పాత ఇనుము, మాల్లెం చూసుకోలేదు గామోసు" అంటే అతను కోప్పడతాడు.

"మామ గొట్టానికి వంక పెట్టకండి. గీతలు కోసిచ్చాడు, నేనే చూడలేదు. ఆయన చేతిలో ఇంతవరకు ఒక్కటీ పగల్లేదు."

అలా అంటూ ఒంటికన్నుతో నావైపు చూడడు. నేను ఇంకో ముద్ద కలుపుతాను.

ఆ జాతర తరువాత నా కొట్టు తలుపు తియ్యలేదు. సంతలో ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటున్నారు, మహ్జూబ్ గొట్టం పగలదని. మూతినుంచి పొగ రాకపోవడం చూసింది మాత్రం నేనొక్కణ్ణే.